బస్తీలో సాయంత్రం సెంటర్ పెడతారా? ముందు హాజరు పట్టీ కొనండి

సర్కారు బడి సాయంత్రం నాలుగు, నాలుగున్నరకి వదిలేస్తారు. అమ్మ నాలుగిళ్లలో అంట్లు తోమి, బట్టలుతికి ఇంటికొచ్చేసరికి ఏడు దాటుతుంది. నాన్న పొద్దున్నే లేబర్ అడ్డాకి పోయినవాడు పని దొరికితే ఎనిమిదికొస్తాడు, దొరక్కపోతే ఇంకా ముందే వస్తాడు గానీ ఆ రోజుల్లో రాకపోయినా బాగుండు అనుకుంటారు పిల్లలు. మధ్యలో మిగిలే మూడు గంటలే అసలు సమస్య. పన్నెండేళ్ల వాడు మెకానిక్ షెడ్డులో పానాలు అందిస్తూ చేతిలో యాభై పడగానే బడి మీద మనసు తీసేసేది అప్పుడే. నాలా పక్కన కూర్చుని మత్తు కోసం పంక్చర్ సొల్యూషన్ పీల్చే అన్నలతో దోస్తీ కలిసేది అప్పుడే. ఇంట్లో ఆడపిల్ల ఒక్కతే ఉందని తెలిసినవాడు తలుపు కొట్టేది కూడా అప్పుడే.

హైదరాబాద్ శివార్లలో ఒక బస్తీ కమ్యూనిటీ హాల్లో ఆరేళ్లుగా ఆ మూడు గంటలూ పిల్లల్ని కూర్చోబెడుతున్నాం. బోర్డు మీద మేం ఏదో పెద్ద పేరే రాయించాం, పిల్లలు మాత్రం ట్యూషన్ అనే అంటారు. మా కాలనీ పక్క బస్తీలో మేమూ ఇలాంటిది పెడదామనుకుంటున్నాం, ఎలా మొదలుపెట్టాలి అని అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు, అందుకే ఒకేచోట రాస్తున్నా. అడిగేవాళ్లంతా సిలబస్ గురించే అడుగుతారు. నా అనుభవంలో చదువు చెప్పడం రెండో పని. నిన్న వచ్చిన పిల్ల ఇవాళ రాలేదని ఎవరో ఒకరు పట్టించుకోవడం మొదటి పని. మీరు ముందు కొనాల్సింది బ్లాక్‌బోర్డు కాదు, అరవై రూపాయల హాజరు పట్టీ.

పిల్లల్ని వెతకడం

"ఉచిత ట్యూషన్" అని ఫ్లెక్సీ కట్టారంటే అయిపోయినట్టే. మొదటిరోజే నలభై మంది వస్తారు, అందులో ముప్పై మంది ఎలాగూ చదువుకునే పిల్లలు, వాళ్ల అమ్మలు ఇన్నాళ్లూ నెలకి ఐదొందలు కట్టి ట్యూషన్‌కి పంపుతున్నవాళ్లు. వాళ్లు రావడం తప్పని అనను గానీ, మీరు ఎవరి కోసం పెట్టారో వాళ్లు గుమ్మం దాకా కూడా రారు.

దానికి బదులు ఒక రెండు వారాలు, బడి ఉన్న రోజుల్లో, పొద్దున పదకొండు గంటలకి బస్తీ అంతా నడవండి. ఆ టైముకి గల్లీలో కనబడే ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల పిల్లలే మీ లిస్టు. చంకలో తమ్ముడితో నల్లా దగ్గర నిలబడ్డ పిల్ల, చెత్త ఏరుకునే అన్నదమ్ములు, కట్టే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వాచ్‌మన్ పిల్లలు. ఈ వాచ్‌మన్ పిల్లల్ని అందరూ మర్చిపోతారు, ఎందుకంటే వాళ్లది ఏ బస్తీ కాదు, ఆ బిల్డింగ్ పూర్తయ్యేదాకానే వాళ్ల అడ్రస్. అంగన్‌వాడీ టీచర్‌నీ, ఆశా అక్కనీ, కిరాణా కొట్టాయన్నీ అడగండి, ఎవరింట్లో ఏం నడుస్తోందో వాళ్లకి తెలిసినంత ఏ సర్వేకీ తెలియదు. జూన్‌లో అయితే టీచర్లు బడిబాట అని ఇల్లిల్లూ తిరుగుతారు కదా, వాళ్లతో పాటు నడవండి. హెడ్‌మాస్టర్‌ని కలిసి, పేరు రిజిస్టర్‌లో ఉండి మనిషి రాని పిల్లలెవరో అడగండి. మర్యాదగా అడిగితే చెప్తారు. తనిఖీకి వచ్చినట్టు అడిగితే ఎవరూ చెప్పరు.

ఇంకో మాట. పెద్దపిల్ల రావాలంటే చంకలోని తమ్ముడు కూడా రావాల్సిందే. మేం మొదట్లో "చిన్నపిల్లల్ని తీసుకురావద్దు, డిస్టర్బెన్స్" అని రూల్ పెట్టాం, నెలలో ఎనిమిది మంది ఆడపిల్లలు మానేశారు, కారణం అర్థం కావడానికి ఇంకో నెల పట్టింది. ఇప్పుడు ఒక మూల చాప పరిచి గిన్నెలు, ప్లాస్టిక్ డబ్బాలు పడేశాం. అరుస్తారు, పాకుతారు, ఒక్కోసారి చాప తడుపుతారు. అయినా అక్కలు చదువుకుంటున్నారు.

పగటి బడికి ఇది బదులు కాదు

ఈ విషయంలో మాత్రం మొండిగా ఉండండి. ఒకప్పుడు పనికెళ్లే పిల్లలకి రాత్రి బడులు పెడితే చాలు అనుకునేవాళ్లు. 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పని మొదలుపెట్టిన ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ, దాన్ని నడిపించిన శాంతా సిన్హా గారు, ఆ ఆలోచననే తిరగేశారు. బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే, పగలు పని చేయించి రాత్రి అక్షరాలు నేర్పితే ఆ పనికి మనమే ఒప్పుకున్నట్టు అన్నారు. పని మాన్పించి, క్యాంపుల్లో పెట్టి, వయసుకు తగ్గ తరగతికి తయారుచేసి మామూలు బడికి పంపారు. ఆమెకి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది దీనికే. మా సెంటర్లో రూలు అక్కణ్నుంచే తెచ్చుకున్నాం. బడికి వెళ్లని పిల్ల సాయంత్రం రావచ్చు, కాకపోతే వచ్చిన రోజు నుంచే ఆమెని బడిలో చేర్పించే పని మాది. దాన్ని సాగదీయం.

చేర్పించడానికి వెళ్తే టీసీ లేదు, ఆధార్ లేదు, అడ్మిషన్లు అయిపోయాయి అనే మాటలు వినబడతాయి. విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. వయసు కాగితం లేదని, టీసీ ఆలస్యమైందని, గడువు దాటిందని ఎనిమిదో తరగతి లోపు పిల్లని చేర్చుకోకుండా ఉండకూడదని అందులో స్పష్టంగా ఉంది. ఈ ముక్క తెలుగులో ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకోండి. పదేళ్ల పిల్ల ఎప్పుడూ బడికి పోకపోయినా ఒకటో తరగతిలో కూర్చోబెట్టరు, వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చాలి, వెనకబడింది అందుకునేలా ప్రత్యేకంగా నేర్పాలి. ఆ నేర్పే పనిలో సాయంత్రం మీరు చేయి వేయొచ్చు. తల్లిదండ్రులు లేని ఆడపిల్ల, మధ్యలో మానేసిన ఆడపిల్ల అయితే కస్తూర్బా విద్యాలయం గుర్తుపెట్టుకోండి, ఆరో తరగతి నుంచి ఉండి చదువుకోవచ్చు.

చోటు, టైము, గుగ్గిళ్లు

చోటు విషయంలో నేను చూసేవి మూడే: ఆడపిల్లలు వెళ్లగలిగే బాత్‌రూమ్, ఇంటికి పోయే దారిలో లైటు, బయట నుంచి లోపల జరిగేది కనబడేలా తలుపు, కిటికీ. గుడి మంటపం ఉచితంగా ఇస్తామంటారు, చర్చి వరండా ఇస్తామంటారు, రెండిట్లో దేన్లో పెట్టినా కొన్ని ఇళ్ల పిల్లలు రారు. కమ్యూనిటీ హాలు గానీ, బడిలోనే ఒక గది గానీ అడగడం మేలు. హాల్లో ఫంక్షన్ ఉన్న రోజు ఎక్కడ కూర్చోవాలో ముందే అనుకోండి, శ్రావణం వచ్చిందంటే వారానికి రెండు ఫంక్షన్లు ఉంటాయి.

పిల్లలు లోపలికి రాగానే తిండి పెట్టాలి. మధ్యాహ్నం బడిలో ఒంటిగంట లోపు తిన్నది, ఐదింటికి కడుపులో ఏం ఉంటుంది? ఆకలితో ఉన్నవాడికి గుణింతం ఎక్కదు, పక్కవాణ్ని గిల్లడమే ఎక్కుతుంది. మేం వారంలో మూడు రోజులు శనగ గుగ్గిళ్లు, రెండు రోజులు ఉడికించిన గుడ్డు, ఒకరోజు అరటిపండో పల్లీపట్టీనో పెడతాం. కిలో శనగలు పొద్దున నానబెడితే సాయంత్రానికి పాతిక మందికి దోసెడు చొప్పున వస్తాయి. బిస్కెట్లు సులువే గానీ గంటలో మళ్లీ ఆకలి. పెట్టేది ఏదైనా వచ్చినందుకు బహుమతిలా పెట్టొద్దు, తప్పు చేశాడని ఆపొద్దు. తిండి మీద శిక్షలుండవని పిల్లలకి నమ్మకం కుదరాలి.

తర్వాత అరగంట ఆట. మానేయాలనిపిస్తుంది, మానొద్దు, మగపిల్లల్లో సగం మంది ఆట కోసమే వస్తారు. ఆడపిల్లలకి కూడా గ్రౌండు ఇప్పించండి, లేకపోతే మగపిల్లలు క్రికెట్ ఆడుతుంటే వాళ్లు గోడకి ఆనుకుని చూస్తూ ఉంటారు. మా దగ్గర మంగళ, శుక్రవారాలు గ్రౌండు ఆడపిల్లలదే, మొదట్లో పెద్ద గొడవే అయింది.

చదువు దగ్గర ఒక్క మాట

హోంవర్క్ చేయించడంలో పడ్డారంటే బయటికి రాలేరు. ఆరో తరగతి వాడు సైన్స్ జవాబులు చక్కని చేతిరాతతో ఎక్కిస్తాడు, అందులో ఒక్క ముక్క చదవమంటే చదవలేడు. అందుకే చేరిన వారంలోనే ఒక్కొక్కర్నీ పక్కన కూర్చోబెట్టుకుని మూడు నిమిషాలు చూడండి. అక్షరాలు, చిన్న పదాలు, ఒత్తులున్న పదాలు, ఒకటో తరగతి పేరా, రెండో తరగతి కథ. ఎక్కడ ఆగిపోతే అదే వాడి గ్రూపు, ఏ తరగతైనా సరే. తెలుగులో చాలామంది ఆగేది ఒత్తుల దగ్గరే. "పలక" చదివినవాడు "పళ్లెం" దగ్గర తల దించేస్తాడు.

పెద్దవాడిని చిన్నపిల్లలతో కూర్చోబెడితే సిగ్గుతో మర్నాడు రాడు. గ్రూపులకి ఒకటి, రెండు అని కాకుండా గోదావరి, కృష్ణ, మంజీర అని పేర్లు పెట్టాం, పెద్దవాళ్లకి గుగ్గిళ్లు పంచే పని, పట్టీలో టిక్కులు పెట్టే పని ఇచ్చాం, కాస్త తగ్గింది. మా దగ్గర ఒకడు సిటీ బస్సు బోర్డులన్నీ గడగడా చెప్పేవాడు, కోఠి, మెహిదీపట్నం, దిల్‌సుఖ్‌నగర్ అని, తీరా చూస్తే ఒక్క అక్షరం రాదు, అన్నీ ఆకారంతో గుర్తుపట్టడమే. వాడికి ఆ బోర్డులతోనే మొదలుపెట్టాం. "కోఠి"లో కో, "కోడి"లో కో. వాచకం కంటే అదే త్వరగా ఎక్కింది. లెక్కలు కూడా అంతే, కూరగాయల బండి దగ్గర చిల్లర నోటితో తప్పులేకుండా చెప్పే పిల్ల కాగితం మీద తీసివేత అనగానే బిగుసుకుపోతుంది. నోటి లెక్కనే కాగితం మీదికి దించండి. ఒడిశా నుంచి వచ్చిన పిల్లలూ, తండా పిల్లలూ ఉంటే వాళ్ల ఇంటి భాషలో నాలుగు మాటలు మీరే నేర్చుకోండి, మీ ఉచ్చారణకి వాళ్లు పడీపడీ నవ్వుతారు, ఆ నవ్వుతోనే సగం భయం పోతుంది.

ఎవరు చెప్పాలి

శని, ఆదివారాలు వచ్చే వాలంటీర్లని నమ్ముకుని సెంటర్ పెట్టకండి. మనసు మంచిదే, కాదనను, కానీ నెల రోజులొచ్చి మానేస్తారు, పోయిన ప్రతి అన్నా, ప్రతి అక్కా ఆ పిల్లలకి ఇంకొకరు వదిలేసి వెళ్లినట్టే. అదే బస్తీలో ఇంటరో డిగ్రీయో పూర్తిచేసి ఇంట్లో ఉన్న అమ్మాయిని చూసి జీతం ఇచ్చి పెట్టుకోండి. ఫలానా ఇంట్లో రాత్రి గొడవైందని ఆమెకి పొద్దున్నే తెలుస్తుంది, మీకెప్పటికీ తెలియదు.

ఎవరొచ్చినా కొన్ని రూల్స్ రాసి గోడకి అంటించండి. హాల్లో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. ఎవరూ ఏ పిల్లతోనూ తలుపేసుకుని ఒంటరిగా ఉండకూడదు, బండి మీద ఇంటికి దింపకూడదు, సొంత ఫోన్లో ఫొటోలు తీయకూడదు. కొట్టడం, తిట్టడం అసలు లేదు. కొత్తవాళ్లెవరినైనా పోలీస్ వెరిఫికేషన్ అయ్యాకే తీసుకోండి, తెలిసినవాళ్ల అబ్బాయే అయినా. మొహమాటపడితే మూల్యం పిల్లలు కడతారు. ఇక పుట్టినరోజు కేకు పట్టుకొచ్చి పిల్లలతో ఫొటోలు దిగి పోయేవాళ్లకి నేనైతే సున్నితంగా చెప్పేస్తాను: కేకు ఇచ్చేయండి, కెమెరా లోపల పెట్టండి.

పట్టీ ఎలా వాడాలి

ఇప్పుడు ఆ అరవై రూపాయల పట్టీ. ఒకరోజు రాకపోతే పక్కింటి పిల్లని అడగండి. వరసగా రెండు రోజులు రాకపోతే రెండో రోజు సెంటర్ మూసే ముందే ఇంటికి వెళ్లండి. వారం ఆగితే కథ మారిపోతుంది. వెళ్లి తెలుసుకున్న కారణం పట్టీలో ఆ పేరు పక్కనే ఒక ముక్కలో రాయండి: జ్వరం, తమ్ముడు, పెళ్లి, నాన్న, షెడ్డు. మూడు నెలలు రాశాక తిరగేస్తే కొన్ని కనబడతాయి. మా పట్టీలో ఒక పిల్ల ప్రతి సోమవారం రాదు. తలనొప్పి అని చెప్పేది. ఆదివారం రాత్రి తాగి గొడవ, సోమవారం పొద్దున అమ్మ పనికి పోలేదు కాబట్టి ఆ పిల్లే పోయేది, ఆమె బదులు అంట్లు తోమడానికి. పట్టీ లేకపోతే ఆ సోమవారాలు ఎవరి కంటా పడేవి కావు.

హాజరు ఒక్కటే కాదు. కొత్తగా చేతిలో డబ్బులు, ఎవరిదో తెలియని ఫోను, బట్టలకి థిన్నర్ వాసన, ఫుల్ చేతుల చొక్కా ఎండాకాలంలో, ఉన్నట్టుండి మాట్లాడటం మానేయడం, ఇవన్నీ వేరే పుస్తకంలో రాసిపెట్టండి. ఈ రెండో పుస్తకం మాత్రం తాళంలో ఉండాలి, పిల్లల ముందుండకూడదు.

పిల్ల ఏదైనా చెబితే, ఎవరో ముట్టుకున్నారని గానీ ఏదో చేశారని గానీ చెబితే, ఆపకుండా వినండి. "ఎవరికీ చెప్పను" అని మాటివ్వొద్దు, ఎందుకంటే చెప్పక తప్పదు. పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన పోక్సో చట్టం 2012 ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. "నీకు సాయం చేసేవాళ్లకి మాత్రమే చెప్తాను, నువ్వు నాకు చెప్పడం మంచిదైంది" అనండి చాలు. మళ్లీ మళ్లీ అడిగించొద్దు, అమ్మ ముందు ఒకసారి, టీచర్ ముందు ఒకసారి, లీడర్ ముందు ఒకసారి చెప్పించడం అదొక హింస. వాంగ్మూలం తీసుకునే పోలీసు యూనిఫాంలో ఉండకూడదు, పిల్ల ఇంట్లోనో ఆమెకి నచ్చిన చోటో తీసుకోవాలి, ఇవన్నీ ఆ చట్టంలోనే ఉన్నాయి, గట్టిగా అడగండి. హైదరాబాద్‌లో భరోసా కేంద్రం 2016 నుంచి ఈ పని కోసమే ఉంది. బస్తీ పెద్దలు "ఇక్కడే కూర్చుని మాట్లాడుకుందాం" అంటారు, తప్పకుండా అంటారు. కూర్చోకండి.

పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు గోడ మీద పెద్దగా రాయండి, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, పైసా పడదు, పిల్లలే నేరుగా చేయొచ్చు. పదో తరగతి పరీక్షలయ్యాక ముహూర్తాల టైములో మాకు దీనితో పని ఎక్కువ. పిల్ల పెద్దమనిషైందని ఫంక్షన్ చేసిన దగ్గర్నుంచే మేనమామ పేరు వినబడుతుంది. పద్దెనిమిది నిండకుండా పెళ్లి నేరమని అందరికీ తెలుసు. పెళ్లి జరిగే ముందే కోర్టు నుంచి ఆపించొచ్చని చాలామందికి తెలియదు. 1098కి గానీ అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌కి గానీ చెప్పండి, మీ పేరు బయటికి రాదు. చెప్పాక ఆ ఇంటికి వెళ్లడం మానొద్దు, పెళ్లి ఆగిన పిల్ల మీదే ఇంట్లో కోపమంతా పడుతుంది.

షెడ్డు యజమాని సంగతి వేరు. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టుకుంటే ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, లేదా ఇరవై వేల నుంచి యాభై వేల జరిమానా, రెండూ పడొచ్చు, 2016లో చట్టాన్ని మార్చి ఇంత గట్టిగా చేశారు. ఆ మార్పులోనే ఒక కంత కూడా వదిలారు, బడి అయ్యాక సొంత కుటుంబం పనిలో సాయం చేయొచ్చని. అందుకని అడిగితే ప్రతి షెడ్డు వాడూ "మా అక్క కొడుకే సార్" అంటాడు. నేను మొదట కేసు అనను. ఆ ఇంటికి వెళ్లి ఆ డబ్బు దేనికి పోతోందో అడుగుతాను. నూటికి తొంభైసార్లు వారం కిస్తీ.

ఎందుకు రాలేదో కనుక్కోవడానికి కాకుండా, ఇలా పెద్దవాళ్లతో కూర్చుని మాట్లాడటానికి ఇంటికి వెళ్లేటప్పుడు మాత్రం సాయంత్రం వెళ్లకండి, తాగి ఉన్న నాన్నతో మాట్లాడి లాభం లేదు, ఆ రాత్రి దెబ్బలు పిల్లకి పడతాయి. పొద్దున ఆరున్నరకి, అడ్డాకి పోయే ముందు వెళ్లండి. చదువు గొప్పదనం గురించి మొదలుపెట్టకండి, వాళ్లకి తెలియక కాదు. పిల్ల చేసిన మంచి పని ఒకటి ముందు చెప్పండి, "మీ అమ్మాయి నిన్న చిన్నపిల్లలందరికీ పెట్టాకే తను తిన్నదమ్మా" అని. ఆ ఇంటికొచ్చి పిల్లని మెచ్చుకున్నవాళ్లు మీకంటే ముందు ఎవరూ ఉండరు.

డబ్బులు

ముప్పై మందికి మాకు నెలకి ఇరవై రెండు వేలు దాకా అవుతోంది. ఇద్దరు అమ్మాయిలకి ఆరేసి వేలు, తిండికి ఏడు వేలు పైన, మిగతాది పుస్తకాలు, కరెంటు, ఫినాయిలు. దాతలు జూన్‌లో బ్యాగులిస్తారు, ఆగస్టు పదిహేనుకి ఇంకా బ్యాగులిస్తారు, మా బీరువాలో ఇప్పుడు కూడా ఇరవై బ్యాగులున్నాయి. అడిగేటప్పుడే "ఫలానా నెల శనగలు మీవి", "ఫలానా నెల జీతం మీది" అని అడగండి. ఆరు నెలల డబ్బు చేతిలో పడ్డాకే తలుపు తీయండి, మధ్యలో మూతపడే సెంటర్ కంటే అసలు పెట్టని సెంటర్ నయం.

ఇక సెలవులు. దసరాకి ఊరెళ్లిన పిల్లల్లో ప్రతి ఏడూ కొందరు తిరిగి రారు. పత్తి ఏరే పనులు అప్పుడే మొదలవుతాయి, నాయనమ్మ దగ్గర వదిలేస్తారు, లేదా ఇంకో సైట్ దగ్గరికి మకాం మారుస్తారు. అందుకని సెలవులిచ్చే ముందు వారం మేం చదువు పక్కనపెట్టి ఒక్కటే పని చేస్తాం. ప్రతి పిల్ల పేరు పక్కనా వెళ్లే ఊరు, మండలం, అక్కడ ఫోన్ ఉన్నవాళ్ల నంబరు, ఆ ఊళ్లో బడి ఎక్కడుందో రాసుకుంటాం. బడి తెరిచిన మూడో రోజు సాయంత్రం పట్టీ పట్టుకుని కూర్చుంటాం, రాని పేర్లకి వరసగా ఫోన్లు చేస్తాం. పోయిన దసరాకి ఏడుగురు. ఐదుగురు వచ్చారు, ఒకడిని అచ్చంపేట దగ్గర వాళ్ల ఊరి బడిలోనే చేర్పించారు. ఏడోది నంబరు కలవడం లేదు, నెలకోసారి చేస్తూనే ఉన్నాం, పట్టీలో ఆ పేరు ఇంకా కొట్టేయలేదు.